ఆండ్రాయిడ్, ఐఓఎస్: తెలుగు చదివేవారికి ఏది మేలు?

బెంగళూరులో మా ఆఫీసులో ఆండ్రాయిడ్ మంచిదా, ఐఫోన్ మంచిదా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా అది కెమెరా, బ్యాటరీల దగ్గరే తిరుగుతుంది. మారతహళ్ళిలో మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న వేరుగా ఉంటుంది. మాతో ఉంటున్న అమ్మ తెలుగు తప్ప మరో భాష చదవలేదు కాబట్టి, మెనూలు తెలుగులో లేని ఫోన్‌లో ఎన్ని హంగులున్నా ఆమెకు అక్కరకు రావు.

ఈ విషయంలో ఆండ్రాయిడ్ చాలా ముందుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచే ఫోన్ మొత్తాన్ని తెలుగులోకి మార్చుకోవచ్చు. ఐఫోన్‌లో తెలుగు కీబోర్డు అంతకు ముందే వచ్చినా, సెట్టింగులతో సహా అంతా తెలుగులో కనిపించడం 2025లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ 18.4 వచ్చాకే సాధ్యమైంది. కోట్లమంది మాట్లాడే భాషను పదేళ్లకు పైగా వేచి ఉండేలా చేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5లో బయటపడిన లోపం చాలామందికి గుర్తుండే ఉంటుంది. జకారానికి ఞ వత్తు, ఆ తర్వాత యూనికోడ్‌లో (అక్షరాలను కంప్యూటర్లలో నిల్వ చేసే పద్ధతిలో) కంటికి కనిపించని ఒక సంకేతం, ఆపైన దీర్ఘం వరుసగా వస్తే, ఆ అక్షరాన్ని చూపబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. తెలుగులో హల్లు, వత్తు, గుణింతపు గుర్తు విడివిడి సంకేతాలుగా నిల్వ ఉండి, తెరమీదికి వచ్చేటప్పుడు ఒక్క అక్షరంగా కూడుకుంటాయి. ఆ కూర్పు సాధారణంగా ఆండ్రాయిడ్, ఐఓఎస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్ చేసే పని కనుక, అక్కడ తప్పు జరిగితే యాప్ రాసినవారు చేయగలిగింది పెద్దగా ఉండదు.

అయితే అదే నెలలో 11.2.6తో ఆ లోపం పోయింది, ఆ సవరణ ఆపిల్ నుంచి నేరుగా ఫోన్లకు అందింది. ఐఓఎస్ అసలు బలం ఇదే: 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఆర్‌లో కూడా 2025లో తెలుగు మెనూలు వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో పెద్ద మార్పులు చాలావరకు ఫోన్ తయారీ సంస్థ చేతుల మీదుగా రావాలి. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 వంటి వాటికి ఏడేళ్ల అప్‌డేట్ల హామీ ఉన్నా, తెలుగు మెనూలు ఎక్కువ అవసరమైనవారు కొనే చవక ఫోన్లకు అంతకాలం అందడం అరుదు, నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

యాప్‌కో భాష పెట్టుకునే వీలు ఐఓఎస్ 13లోనూ, ఆండ్రాయిడ్ 13లోనూ వచ్చింది. ఇంగ్లీషు మెనూలకు అలవాటుపడిన నాలాంటివారికి అది చాలు.

అమ్మకు నేను ఆండ్రాయిడే ఎంచుకున్నాను. గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డులో ఆమె వేలితో తెరమీద అక్షరాలు దిద్దితే అవి టైపు చేసిన అక్షరాలుగా మారతాయి, రాయడానికి ఓపిక లేనప్పుడు మాట్లాడితే చాలు. ఇంట్లో పెద్దవారికి ఫోన్ కొనేవారు దుకాణంలోనే భాషను తెలుగులోకి మార్చి, అక్షరాల సైజు పెంచి, సెట్టింగుల పేజీ ఒకటి తెరిచి, వత్తులు కింది అంచున తెగిపోతున్నాయేమో చూడండి, ఆ మోడల్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగండి.