మన ఊళ్లో ‘ది గ్రేట్ డిక్టేటర్’ ఆడించాలంటే

చాప్లిన్ పూర్తిగా మాటలతో తీసిన మొదటి సినిమా ఇది. 1940 అక్టోబరులో విడుదలైంది. మాటలున్నా, నవ్వు పుట్టేది మాటల్లో కాదు. అందుకే నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఏ బడిలోనైనా నిశ్చింతగా ఆడించొచ్చు. ఆట చెడిందంటే నెపం ఇంగ్లీషు మీద వేస్తారు గానీ, చెడగొట్టేది సాధారణంగా ప్రొజెక్టర్ సెట్టింగు, సబ్‌టైటిల్ ఫైలు, మైకు పట్టుకుని ఆగకుండా వివరించే సారు.

పాత సినిమా కాబట్టి బొమ్మ నలుచదరానికి దగ్గరగా ఉంటుంది. ప్రొజెక్టర్‌లో ‘ఫుల్’ లేదా ‘స్ట్రెచ్’ పెడితే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. చాప్లిన్ నడకంతా సన్నని ఒంటిమీద ఆధారపడింది, అది పోతే సగం హాస్యం పోయినట్టే. యాస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 4:3 పెట్టండి, లేదా ‘ఒరిజినల్’. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. ఎనిమిదడుగుల వెడల్పు తెర మీద బొమ్మ ఆరడుగులే పడుతుంది. కాబట్టి తెరను ఇంకాస్త పెద్దదే కట్టుకోవాలి. తెల్లబట్ట ఒక పొరే అయితే వెలుగు వెనక్కి పోతుంది, దాని వెనక నల్లబట్ట వేలాడదీయండి. ఆరుబయట అయితే ఎండాకాలంలో ఏడున్నరకు ముందు మొదలుపెట్టొద్దు. మొదటి ప్రపంచ యుద్ధం సీన్లలో పొగ, మంచు ఎక్కువ, కొంచెం వెలుతురున్నా ఏమీ ఆనదు.

ఇక సబ్‌టైటిళ్లు. తెలుగులో మీరే రాసుకుంటే ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతిలో) సేవ్ చేయాలి. టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి ఆడిస్తే చాలాసార్లు ఒత్తులు విడిపోతాయి, లేదా డబ్బాలు కనిపిస్తాయి. ముందురోజే ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని రెండు మాటలు రాసి చూడండి, అవి సరిగ్గా వస్తే మిగతావీ వస్తాయి. రాకపోతే వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి అక్షరాలను బొమ్మలోనే ముద్రించేయండి. తెల్ల అక్షరాలకు నల్ల అంచు తప్పనిసరి, నలుపు తెలుపు సినిమాలో తెల్లచొక్కా మీద పడ్డ అక్షరం కనపడదు. ఒకసారికి రెండు వరుసలు, వరుసకు ఐదారు పదాలు. అంతకు మించితే పిల్లలు చదువుతూ కూర్చుంటారు, బొమ్మ చూడరు.

ఇంకో చిక్కు వేగం. అసలు నిడివి సుమారు 125 నిమిషాలు. యూరప్ డీవీడీల నుంచి వచ్చిన కాపీలు సెకనుకు 24 బదులు 25 ఫ్రేములతో నడిచి 120 నిమిషాల్లోనే అయిపోతాయి. గొంతులు కూడా కొంచెం కీచుగా వినిపిస్తాయి. అలాంటి కాపీకి అసలు నిడివికి తయారుచేసిన సబ్‌టైటిల్ పెడితే మొదట్లో బాగానే ఉంటుంది, గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు వెనకబడుతుంది. వీఎల్‌సీలో జీ, హెచ్ మీటలు నొక్కి ముందుకూ వెనక్కూ జరపడం దీనికి మందు కాదు, ఇక్కడ సర్దితే అక్కడ తప్పుతుంది. ‘సబ్‌టైటిల్ ఎడిట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటును 24 నుంచి 25కు మార్చి సేవ్ చేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, దేనికి సబ్‌టైటిల్ వేయకూడదో తెలియడం. హిట్లర్‌ను వెక్కిరిస్తూ చాప్లిన్ వేసిన పాత్ర, టొమేనియా అనే ఊహా దేశపు నియంత హింకెల్. అతని మొదటి ఉపన్యాసం జర్మన్ కాదు, జర్మన్ లాగా వినిపించే అరుపులూ దగ్గులూ. మైకులు కూడా భయపడి వెనక్కి వంగుతాయి. చెయ్యెత్తగానే వేలమంది చప్పట్లు టక్కున ఆగిపోతాయి. ఆయన నిమిషంపాటు చిందులు తొక్కితే, పక్కనుంచి అనువాదకుడు మెత్తని గొంతుతో ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. నవ్వంతా ఆ తూకం తేడాలో ఉంది. ఆ అరుపులకు తెలుగులో అర్థం కల్పిస్తే సీన్ చచ్చిపోతుంది. అనువాదకుడి ఇంగ్లీషుకు మాత్రమే తెలుగు వేయండి. యూదుల వాడలో దుకాణాల బోర్డులు ఎస్పెరాంతో అనే కృత్రిమ భాషలో ఉంటాయి, అది ఏ భాష అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. వాటినీ వదిలేయండి. కిటికీల మీద సైనికులు సున్నంతో రాసే ‘యూదు’ అనే మాటకు మాత్రం తప్పక వేయాలి.

ముందుమాట ఐదు నిమిషాలు చాలు. హిట్లర్ ఎవరు, యూదుల మీద ఏం చేశాడు, సినిమాలో యూదు మంగలి, నియంత ఇద్దరూ చాప్లినే. హింకెల్‌ను పరిచయం చేయడానికి మన దగ్గర పిట్టలదొర ఉండనే ఉన్నాడు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి, నోరు తెరిస్తే కోతలు. దొరల, అధికారుల దర్జాను వెక్కిరించే ఆ వేషం చూసిన పాలమూరు పెద్దమనిషికి హింకెల్ గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే, హింకెల్ దగ్గర ఉన్నవి అసలు తుపాకులు.

ఇంటర్వెల్ దగ్గర ఆపరేటర్లు చేసే తప్పొకటుంది. హింకెల్ భూగోళం బెలూన్‌తో ఆడతాడు. చేత్తో, తలతో, కాలితో, వెనకభాగంతో ఎగరేసి మురిసిపోతాడు, చివరికది ముఖాన పేలుతుంది. వెనక జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ సంగీతం నెమ్మదిగా సాగుతుంటుంది. పేలగానే ఇంటర్వెల్ వేస్తే బాగుంటుందనిపిస్తుంది. వేయొద్దు. వెంటనే మంగలి షాపు సీన్ వస్తుంది. రేడియోలో బ్రామ్స్ అనే సంగీతకర్త కట్టిన హంగేరియన్ నృత్యం 5, ఆ దరువుకు సరిగ్గా నురుగు, కత్తి, గడ్డం. మధ్యలో కట్ లేకుండా ఒకే షాట్‌లో తీశారు. ఒకడి చేతిలో గాలి నింపిన ప్రపంచం, ఇంకొకడి చేతిలో నిజమైన మనిషి గొంతు. రెండూ కలిపి చూస్తేనే లెక్క కుదురుతుంది. గడ్డం గీయడం అయ్యాక ఆపండి.

రెండో సగంలో వివరణ దాదాపు అక్కర్లేదు. బ్యాక్టీరియా అనే ఊహా దేశపు నియంత నాపలోనీ వచ్చాక ఇద్దరూ మంగలి కుర్చీలను పోటీపడి పైకి లేపుకుంటూ పోవడం, ఆవపిండి ముద్ద నోట్లో పెట్టుకుని మంటెక్కిపోవడం, వీటికి ఏ భాషా కావాల్సిన పనిలేదు. (నాపలోనీ అంటే ఇటలీ నియంత ముస్సోలినీ అని ఒక్క మాట చాలు.)

సౌండు సంగతి చివరి ఉపన్యాసం దగ్గర బయటపడుతుంది. మొదటి అరుపులకు తగ్గించి పెట్టిన సౌండులో, నియంతే అనుకుని అందరూ వేదికెక్కించిన మంగలి చిన్న గొంతుతో మొదలుపెట్టే ఈ మాటలు వెనక వరుసకు అందవు. ఆయన మెట్లెక్కుతుండగానే ఒక గీత పెంచి, గొంతు లేచేకొద్దీ తగ్గించాలి. హారన్ స్పీకర్లు వద్దు, బాక్సులు పెట్టండి. రికార్డింగు మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని) కాబట్టి రెండు బాక్సులనూ తెరకు దగ్గరగానే ఉంచాలి, హాలు చివర ఒకటి పెడితే మాట రెండుసార్లు వినిపిస్తుంది. ఉపన్యాసం సినిమా లెక్కన పొడుగే, పిల్లలు కదులుతారు. అయినా కత్తిరించొద్దు.

చప్పట్లు పడగానే లైట్లు వేసేస్తారు, అదీ పొరపాటే. ఆ తర్వాత మంగలి ప్రేమించిన యూదు అమ్మాయి హన్నా సీన్ ఉంది, భూగోళం సీన్‌లో విన్న వాగ్నర్ మళ్లీ వస్తుంది. స్విచ్ దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, టైటిల్స్ వచ్చాకే వేయమనండి.

చర్చలో రెండు విషయాలు ఎలాగూ వస్తాయి. ఇంత ఘోరం మీద నవ్వొచ్చా అన్నది ఒకటి. షూటింగ్ 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన రోజుల్లో మొదలైంది. నిర్బంధ శిబిరాల్లో జరిగిన అసలు ఘోరాలు తెలిసుంటే తీయగలిగేవాణ్ని కాదని చాప్లిన్ 1964లో ఆత్మకథలో రాశాడు, అది చెప్పండి. రెండోది, మన జిల్లాలో రజాకార్ల మాట. పెద్దలుంటే వాళ్లనే మాట్లాడనివ్వండి, 1948 సెప్టెంబరు దాకా జరిగింది ఇంట్లో విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పటి పార్టీల పేర్లు ఎత్తితే మాత్రం సినిమా పక్కకుపోయి పంచాయితీ మొదలవుతుంది, వచ్చేసారి హాలు తాళంచెవి ఇవ్వరు.