పాత ట్రక్కు క్యాబిన్ నేల: అతుకుల లోపలి తుప్పు

పాత పికప్ ట్రక్కు క్యాబిన్‌లో కొత్త నేల రేకులు వెల్డింగ్ చేసి, రంగు కొట్టి, రబ్బరు మ్యాట్ పరచిన తరువాత ఆ పని ఎంత పటిష్ఠంగా జరిగిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. కొన్నేళ్ళకు మళ్ళీ తుప్పు కనబడితే అది సాధారణంగా రెండు రేకులు ఒకదానిపై ఒకటి కూర్చున్న అతుకులోనో, వెల్డింగ్ వేడికి ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, కాలిపోయిన అడుగు వైపునో మొదలై ఉంటుంది. అందుకే నా ట్రక్కు నేల మార్చినప్పుడు ఏ కంపెనీ డబ్బా కొనాలన్న ప్రశ్న కంటే, ఏ పని తరువాత ఏ పని చేయాలన్న ప్రశ్నకే ఎక్కువ సమయం కేటాయించాను.

1947లో వచ్చిన షెవ్రొలే అడ్వాన్స్ డిజైన్, 1953లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్-100 వంటి బండ్ల కాలానికి, బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో మూలమూలకూ ప్రైమర్ పట్టించే పద్ధతి ఇంకా పరిశ్రమలోకి రాలేదు. అది 1960వ దశకంలో మొదలై, ఆ తరువాతి దశకంలో మరింత మెరుగుపడింది. అంతకుముందటి క్యాబిన్లలో స్పాట్ వెల్డింగ్ చేసిన అతుకు లోపలి ముఖాలు చాలావరకు ఉట్టి ఉక్కుగానే మిగిలిపోయేవి. వెంట్రుకంత సందులోకి నీరు కేశనాళిక చర్య వల్ల దానంతటదే పాకుతుంది. లోపలికి గాలి అందదు కాబట్టి అక్కడి నీటిలో ఉన్న ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న ఆ లోపలి భాగం ఆనోడ్‌గా, అంటే లోహాన్ని కోల్పోయే ధ్రువంగా మారి కరగడం మొదలుపెడుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, రేకులు ఉబ్బి విడిపోయి, సందు ఇంకా పెద్దదై, ఇంకా నీటిని పిలుస్తుంది. ఈ వరుస అర్థమైతే సందులు మూసే ముద్ద అయిన సీలర్‌ను ఎక్కడ పూయాలో, ఎక్కడ పూయకూడదో వేరే ఎవరూ చెప్పనక్కర లేదు.

పాత రేకు కోసే ముందే చేయవలసిన పని ఒకటుంది: నీరు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం. ముందు అద్దం చుట్టూ ఎండి బిగుసుకుపోయిన రబ్బరు, అద్దం కింది గాలి గూడులో ఆకులు, మట్టి పేరుకుని మూసుకుపోయిన దారులు, తలుపుల రబ్బర్లు, హీటర్ గొట్టాలు, ఇవే సాధారణంగా దోషులు. ఒకరు బయట పైపుతో నీళ్ళు పోస్తుంటే, మరొకరు లోపల టార్చి పట్టుకుని కూర్చుని చూడడం కంటే మంచి పరీక్ష నాకు తెలియదు. మ్యాట్ కింద వేసే జనపనార మెత్త ఒకసారి తడిస్తే త్వరగా ఆరదు కాబట్టి, చిన్న లీకు కూడా నేలను నెలల తరబడి తడిగానే ఉంచుతుంది. లీకు ఆపకుండా రేకు మార్చిన వాడు మరికొన్నేళ్ళకు అదే రేకును మళ్ళీ కొనుక్కోవలసి వస్తుంది.

దుకాణంలో దొరికే కొత్త రేకులు నల్లటి పూతతో వస్తాయి. ఆ పూత పైన చెప్పినట్లు ముంచి విద్యుత్తుతో పట్టించిన నిజమైన ఎలక్ట్రో ప్రైమరా, రవాణాలో తుప్పు పట్టకుండా కొట్టిన తాత్కాలిక రంగా అన్నది కంటికి తెలియదు. లాకర్ థిన్నర్‌లో తడిపిన గుడ్డతో గట్టిగా రుద్దినప్పుడు నలుపు గుడ్డకు అంటుకుంటే, దాన్ని పూర్తిగా తొలగించి ఉట్టి లోహం నుంచే పని మొదలుపెట్టాలి; అంటుకోకపోతే ఎమెరీ పేపర్‌తో గరుకు చేసి దానిపైనే ప్రైమర్ వేయవచ్చు. రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ ఎంత మంచిదైనా తన కింద ఉన్న పొర కంటే గట్టిగా పట్టుకోలేదు.

ఇక అతుకు. అంచుకు అంచు చేర్చి వెల్డింగ్ చేస్తే సందే ఉండదు, అందువల్ల అదే ఉత్తమమని కొందరంటారు. సూత్రరీత్యా ఒప్పుకుంటాను. కానీ 18 గేజ్, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకును అంత పొడవునా ఖచ్చితంగా కలపడం కష్టం, వేడికి వంకరపోతుంది, పైగా సూది మొన అంత రంధ్రాలు మిగిలిపోతాయి. చుట్టూ ఉన్న పెట్టె భాగాల అంచుల దగ్గర రేకుపై రేకు ఎలాగూ తప్పదు. అలాంటి చోట అతివ్యాప్తిని అవసరమైనంత మేరకే ఉంచడం, అడుగు వైపు కనిపించే అంచు బండి వెనుకకు తిరిగి ఉండేలా చూడడం నా పద్ధతి. ముందు చక్రం చిమ్మే నీరు ఆ అంచుకు ఎదురుగా కొట్టకుండా దానిమీదుగా జారిపోతుంది.

ఒకసారి వెల్డింగ్ అయితే మళ్ళీ చేరలేని ఆ లోపలి ముఖాలకు ముందే రక్షణ ఇవ్వాలి. వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ ఉన్నది ఇందుకే. జింక్ ఉక్కు కంటే ముందుగా తాను కరిగి ఉక్కును కాపాడుతుంది. అయితే దాని మీద అతి నమ్మకం తగదు. సరిగ్గా వెల్డింగ్ పడే చోట అది ఎలాగూ కాలిపోతుంది, మందంగా ఉంటే వెల్డింగ్‌లో బుడగలు పుట్టిస్తుంది. రంధ్రాలు చేసి పూడ్చే ప్లగ్ వెల్డింగ్ అయితే ఆ రంధ్రం మేరకు దాన్ని గీకి వేసి, చుట్టుపక్కల మాత్రం పలుచగా ఉంచాలి. అతుకు బయటికి వచ్చిన జింక్ ప్రైమర్‌ను తరువాత తుడిచివేయాలి, ఎందుకంటే దాని మీద ఎపాక్సీ సరిగా పట్టదు. జింక్ పొగ పీలిస్తే కొన్ని గంటల తరువాత చలి జ్వరం వచ్చినట్లు ఉంటుంది కనుక ధారాళంగా గాలి ఆడే చోట, తగిన మాస్కుతో పని చేయాలి. మరొక మాట: ఆ కాలపు పికప్‌లలో చాలావాటికి పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనుక ఉంటుంది. దాన్ని బండి నుంచి దించి దూరంగా పెట్టకుండా వెల్డింగ్ టార్చి ముట్టుకోకూడదు.

వెల్డింగ్ పూర్తయ్యాక చీకటి పడే దాకా ఆగి, కింద ఒక గట్టి దీపం పెట్టి లోపలి నుంచి చూస్తే పగటి పూట కనిపించని సూది రంధ్రాలన్నీ చుక్కల్లా మెరుస్తాయి. వాటిని సీలర్‌తో కప్పడం సులువే గానీ, నేను వెల్డింగ్‌తోనే మూస్తాను. సీలర్ ఉన్నది సందులకు, రంధ్రాలకు కాదు. తరువాత గ్రైండింగ్, వెల్డింగ్ మసిని తీగ బ్రష్‌తో పూర్తిగా వదిలించడం, నూనె జిడ్డు పోయేలా రెండు గుడ్డలతో, అంటే ఒకటి తడిపి రుద్దడానికి, ఒకటి వెంటనే పొడిగా తుడవడానికి, శుభ్రం చేయడం జరగాలి. మిగిలిన పాత రేకు గుంతలలో తుప్పు ఉంటే ఫాస్ఫారిక్ ఆమ్లం వాడవచ్చు. అయితే ఆ ఆమ్లాన్ని తయారీదారు చెప్పిన విధంగా కడిగి, తుడిచి, ఆరనివ్వాలి. ఆమ్లం అవశేషం మీద, ఆమ్లం కలిసిన ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేస్తే దాని గట్టిపడే చర్యే దెబ్బతినవచ్చు, పొర పొరగా లేచిపోవచ్చు.

ఎపాక్సీ ప్రైమర్‌ను నేను ఎంచుకోవడానికి కారణం సులువైనది: మామూలు నింపుడు ప్రైమర్లు తేమను పీల్చుకుంటాయి, ఎపాక్సీ దానిని బాగా అడ్డుకుంటుంది. రెండు భాగాలు కలిపాక డబ్బా మీద రాసిన సమయం వరకు ఆగడం, చలిలో పని పెట్టుకోకపోవడం, రెండవ పొర గడువులోపే వేయడం, ఈ మూడింటిలో ఏది తప్పినా ఖరీదైన ప్రైమర్ చవక రంగులా ప్రవర్తిస్తుంది. నేల పైభాగమే కాక, వెల్డింగ్‌కు పూత కాలిన అడుగు భాగాన్ని కూడా అదే శ్రద్ధతో పూయాలి. నిజానికి అడుగు భాగానికే ఎక్కువ శ్రద్ధ అవసరం. వెల్లకిల పడుకుని చేసే పని కాబట్టి అక్కడే మనిషి తొందరపడతాడు.

సీమ్ సీలర్ ఉట్టి ఉక్కు మీద కాక, ఎపాక్సీ ఆరిన తరువాత దానిపైనే పూస్తాను. సీలర్ ఎక్కడైనా ఊడినా, కింద లోహం బయటపడదు. గాలిలోని తేమతో గట్టిపడే పాలీయురేథేన్ సీలర్, రెండు భాగాల ఎపాక్సీ సీలర్ రెండూ పనికొస్తాయి. వెనిగర్ వాసన వచ్చే ఇంటి సిలికాన్ మాత్రం వద్దు. అది గట్టిపడుతూ వదిలే ఎసిటిక్ ఆమ్లం ఉక్కును తినేస్తుంది, దాని మీద రంగు నిలవదు. సీలర్‌ను తుపాకీతో గీతలా వదిలి ఊరుకోకుండా, చిన్న బ్రష్‌తో సందులోకి నొక్కి, అంచులను పలుచబరిచి రెండు వైపులా రేకుకు అంటుకునేలా చేస్తాను.

రెండు వైపులా సీలర్ వేయాలా, పైన మాత్రమే చాలా అన్న వాదన ఎప్పటికీ తెగదు. రెండు వైపులా మూస్తే లోపల చేరిన తేమ బయటికి పోదని ఒక పక్షం, కింద తెరిచి ఉంచితే రోడ్డు నీరు లోపలికి పోతుందని మరొక పక్షం. లోపలి ముఖాలకు ముందే జింక్ వేసి, పొడిగా ఉన్నప్పుడు మూస్తున్నాం కాబట్టి, నేల అతుకులను రెండు వైపులా మూయడమే సరి అని నా నిర్ణయం. కానీ తలుపు గడప కింద ఉండే పెట్టె భాగం సంగతి వేరు. దాని అడుగు అంచున కంపెనీ వదిలిన సన్నని చీలికలు, రంధ్రాలు నీరు పోవడానికే ఉన్నాయి. చూడడానికి బాగుంటుందని వాటిని సీలర్‌తో నింపితే లోపలి నుంచి తుప్పు పట్టే గది ఒకటి తయారవుతుంది. నేలలోని రబ్బరు బిరడాలు కూడా తీసి పెట్టగలిగేలా ఉండాలి, రంగుతో అతికిపోకూడదు.

తారు కలిసిన మందపు అండర్‌కోటింగ్ మీద నాకు గౌరవం లేదు. కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా ఉండి, ఎండాక చిట్లి, ఆ చీలికలోకి నీరు తీసుకుని, బయటికి చక్కగా కనిపిస్తూ కింద రేకును తుప్పుకు తినిపిస్తుంది. అడుగున రాళ్ళ దెబ్బలకు రంగు వేయదగిన పలుచని చిప్ గార్డ్ చాలు.

చివరిగా మైనం. గడప పెట్టెలు, క్యాబిన్ ఆధారాల లోపలికి పొడవైన గొట్టంతో, అన్ని వైపులా చిమ్మే ముక్కుతో కేవిటీ వ్యాక్స్ కొట్టాలి. ఇది వెల్డింగ్, రంగు, సీలర్ అన్నీ అయ్యాకే చేయాలి, ఎందుకంటే మైనం మంట పట్టుకుంటుంది, దాని ఆవిరి తగిలిన లోహానికి రంగు పట్టదు. కొట్టిన తరువాత బండిని ఒక రాత్రి ఆపి ఉంచితే కిందికి కారే మైనంతోనే ఏ నీటి రంధ్రం తెరిచి ఉందో తెలుస్తుంది. కారని రంధ్రాన్ని ఒక తీగతో పొడిచి తెరవాలి, మైనం గట్టిపడిన తరువాత మరొకసారి పొడవాలి. ఆ తరువాత ఏటా వర్షాలకు ముందు మ్యాట్ ఎత్తి, నేల పొడిగా ఉందో లేదో అరచేత్తో తడిమి, ఆ రంధ్రాలను అదే తీగతో చూసుకుంటే సరిపోతుంది.