పువ్వు బయట తేనె ఎవరికి?

బొబ్బర్ల పాదు పెట్టినవాళ్లకి తెలిసే ఉంటుంది, పూత మొదలైందంటే చాలు, కాడల మీద చీమలు బారులు తీరతాయి. మందు చల్లెయ్యమని చూసిన ప్రతివాళ్లూ సలహా ఇస్తారు. నేను చల్లను. ఆ చీమల్ని పిలిపించుకున్నది పాదే కదా!

పొద్దున్నే పూల కాడని కాస్త దగ్గరగా చూడండి. జంటగా వచ్చే పూల మధ్య చిన్న బొడిపెలుంటాయి, వాటి మీద మెరుస్తూ ఒక బొట్టు, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంటుంది (మందు కొట్టని మొక్కయితేనే లెండి). పువ్వు లోపలి తేనె పరాగసంపర్కం చేసే తేనెటీగలకి, ఈ బయటి తేనె కాపలా కాసే చీమలకి. దీని కోసం తిరిగే చీమ దారిలో కనపడ్డ గుడ్లనీ చిన్న పురుగులనీ ఎత్తుకుపోతుంది. ఆముదం ఆకు కాడకి అతికే చోట, తంగేడు ఆకుల జంటల మధ్య కూడా ఇలాంటి గ్రంథులే ఉంటాయి.

పత్తిలో ఆకు అడుగున, నడిమి ఈనె మీద ఉంటాయి. పురుగు ఆకు కొరికిందంటే తేనె ఇంకా ఎక్కువ ఊరుతుంది. కాకపోతే పురుగుగా మారే గుడ్లు పెట్టే రెక్కల పురుగులు కూడా ఆ తేనె తాగడానికే వస్తాయి, అందుకని గ్రంథులే లేని హవాయి అడవి పత్తితో కలిపి తేనె లేని రకాలు పుట్టించారు, దాంతో పాపం మిత్రపురుగుల తిండీ పోయింది.

మెక్సికోలో ఒక తుమ్మజాతి చెట్టుంది, ఎద్దుకొమ్ముల్లాంటి దాని బోలు ముళ్లలోనే చీమలు కాపురం ఉంటాయి. మామూలు చక్కెరని అరిగించే ఎంజైమ్ ఆ చీమల్లో ఎదిగినవాటికి పనిచేయదు. దాన్ని అణిచేసేది చెట్టు తేనెలో ఉన్న ఇంకో ఎంజైమే అని 2014లో తేల్చారు! చెట్టు మాత్రం ముందే విడగొట్టిన చక్కెర ఇస్తుంది కాబట్టి ఇక ఆ చీమలకి ఆ తేనె తప్ప వేరే గతి లేదు. స్నేహం, సహకారం అని పుస్తకాల్లో ముద్దుగా రాస్తారు గానీ నాకైతే ఇది అచ్చంగా వెట్టిచాకిరీ.

మన చీమలకి ఆ బాధ లేదు, పేనుబంక దొరికితే దాని తియ్యటి జిగురు కోసం ఆ పురుగులకే కాపలా కాస్తాయి. అలా జరిగినప్పుడు మాత్రం పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి పేనుని రాల్చేస్తాను, చీమల జోలికి పోను.