వేట ఆగిన నెలలో మోటుపల్లి

బీచ్ అంటే మా ఇంట్లో సూర్యలంకే. ఈసారి మాత్రం మోటుపల్లి చూద్దామన్నాను. “అక్కడ ఏముంటుంది నాన్నా?” అంది అమ్మాయి. ఒకప్పుడు దేశదేశాల ఓడలు వచ్చిన రేవు అని చెప్పాను. మే నెల ఎండ సంగతి తెలుసు కాబట్టి ఐదింటికే గుంటూరులో కారెక్కాం. పొన్నూరు, బాపట్ల దాటి చీరాలలో టిఫిన్ చేశాం.

వేటపాలెంలో ఆగింది జీడిపప్పు కోసమే. కానీ అక్కడిదాకా వెళ్లి సారస్వత నికేతనంలో అడుగు పెట్టకుండా రాలేను. 1918లో పుట్టిన గ్రంథాలయం అది. భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు. చిన్న ఊరు పుస్తకాలను ఇంతకాలం కాపాడుకుందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అక్కడినుంచి ఇసుక నేలలు, సరుగుడు తోటలు, తాటిచెట్లు. దారిలో ముంజలు కొట్టించుకుని తిన్నాం.

మోటుపల్లి వీరభద్రస్వామి గుడి దగ్గర ఎవరూ లేరు. కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఇక్కడిదే, సుమారు 1244 నాటిది. తుఫానులో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా పూర్వం రాజులు లాగేసుకునేవారట. మేం అలా చేయం, న్యాయంగా రావలసిన సుంకం తప్ప ఏమీ ముట్టుకోం అని సముద్ర వర్తకులకు రాసిచ్చిన మాట అది. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని తలచి సముద్రానికి తెగించి వచ్చినవాళ్లు కదా అని అందులోనే ఉంది. రాతి మీది అక్షరాలు నాకు చదవడం రాలేదు. చేత్తో తడిమి చూశాను, అంతే. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవునే అంటారు. ఇప్పుడు గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

సముద్రం దగ్గరికి వెళ్తే పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. పడవ నీడలో ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు.

“ఏ ఊరు బాబూ?”

“గుంటూరు తాతా.”

మాటల్లో శాసనం సంగతి చెప్పాను. చేతిలో పని ఆపాడు.

“సముద్రంలోంచి బతికి బయటపడ్డవాడి సొత్తు తీసుకోవడమేంటి బాబూ? వాడికి ముందు మంచినీళ్లివ్వాలి” అన్నాడు.

మాక్కూడా ముందు మంచినీళ్లే ఇప్పించాడు. మా అమ్మాయి ఆయన పక్కన కూర్చుని వల ముడి వేయడం నేర్చుకుంది. నాలుగుసార్లు తప్పుపోయింది. ఐదోసారి వేసిన ముడిని ఆయన గట్టిగా లాగి చూసి, ఊడలేదని తల ఊపాడు. నిషేధం అయిపోగానే వస్తే పడవలు నీళ్లలోకి దిగడం చూపిస్తానన్నాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. అమ్మాయి కాళ్లకు ఇసుకతోనే వెళ్లి క్యాలెండర్లో జూన్ 15 చుట్టూ సున్నా చుట్టింది.