“ఇస్త్రీ బొగ్గా అంకుల్?”

ఆఖరి రిపోర్టు నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

బాలానగర్‌లో మాకు చిన్న ఫర్నిచర్ కార్ఖానా ఉంది. అక్కడ మిగిలే చెక్కముక్కలు, జనం పడేసే పాత తలుపులు కాల్చి బయోచార్, అంటే మట్టిలో కలిపే బొగ్గు, చేసి మిద్దె తోటల వాళ్లకు ఇద్దామనుకున్నాను. డ్రమ్ములో గాలాడకుండా కాల్చడం వారంలో పట్టుబడింది. కానీ ఆకుకూరల మట్టిలో వేసేది కదా, పరీక్ష చేయించందే గుప్పెడు కూడా ఇవ్వనన్నాను. ఇది అమ్మేవాళ్లలో ఈమాత్రం ఆలోచించేవాళ్లు ఎంతమందో చెప్పండి!

ల్యాబ్ ఫారంలో మట్టి, నీరు, కంపోస్టు, బొగ్గు అని గడులున్నాయి. బయోచార్ లేదు. కౌంటర్లో అబ్బాయి కవరు విప్పి, “ఇస్త్రీ బొగ్గా అంకుల్?” అన్నాడు. వెనక లైన్లో వాళ్లు నవ్వారు. నేను చెప్తూనే ఉన్నాను, అతను బొగ్గు దగ్గర టిక్కు కొట్టేశాడు. పది రోజులకు రిపోర్టు వచ్చింది: తేమ ఎంత, బూడిద ఎంత, మండితే వేడి ఎంత. నా బొగ్గు బాగా మండుతుందని డబ్బు కట్టి తెలుసుకున్నానన్నమాట.

మళ్లీ వెళ్లి, కట్టె కాలేటప్పుడు పుట్టే పీఏహెచ్‌లు అనే రసాయనాలు 16 రకాలూ చూడమన్నాను. వాటిలో కొన్ని క్యాన్సర్ తెస్తాయి. ఈసారి అన్నిటి ఎదుటా ‘కనిపించలేదు’ అని వచ్చింది. ఆ రాత్రే రిపోర్టు ఫొటో తీసి మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెల్లారేసరికి అందులోనే ఉన్న ఒక రిటైర్డ్ మట్టి శాస్త్రవేత్త, “ఏ ద్రావకంతో తీశారు?” అని అడిగారు. పీఏహెచ్‌లను బొగ్గులోంచి కరిగించి బయటికి లాగే ద్రవం ఏదని. నేను నోరు వెళ్లబెట్టాను. ల్యాబ్‌కు నాలుగుసార్లు ఫోన్ చేస్తే తేలిందేమిటంటే, మట్టికి వాడే హెక్సేన్, అసిటోన్‌తోనే కానిచ్చారట. బయోచార్ పీఏహెచ్‌లను ఉడుంపట్టు పడుతుంది. టోలుయీన్‌లో ముప్పయ్యారు గంటలు మరిగిస్తేగానీ వదలదు. అవి లేవని కాదు, బయటికి రాలేదని! నూట యాభై మంది ముందు ఆ మాట నేనే టైపు చేయాల్సి వచ్చింది. మీరు మాత్రం డబ్బు కట్టేముందే ద్రావకం పేరు రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

ఈలోగా మొక్కలకు హాని చేస్తుందేమోనని ఆ బయోచార్ కలిపిన మట్టిలో మెంతులు చల్లి చూశాను, బాగానే మొలిచాయి. వానపాములు ఆ మట్టిలో ఉంటాయా, పారిపోతాయా అని చూసే పరీక్షకైతే బయోచార్‌ను ముందు బాగా తడపాలి, లేకపోతే ఆ ఎండుదనానికే పక్కకు పారిపోతాయి.

ఇక నిన్నటి రిపోర్టు. టోలుయీన్‌తో తీసినా పీఏహెచ్‌లు యూరప్ వ్యవసాయ బయోచార్‌కు పెట్టిన హద్దు, కిలోకు 6 మిల్లీగ్రాముల లోపే ఉన్నాయి. సీసం దగ్గర దెబ్బతిన్నాను. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు ఇచ్చిన హద్దు కిలోకు 100 మిల్లీగ్రాములు, నాది దాటేసింది. పాత తలుపుల రంగే కారణం. చెక్క కాలి పావువంతుకు తగ్గుతుంది, సీసం మాత్రం చాలావరకు ఆ పావులోనే చిక్కబడుతుంది. రంగు తలుపులు ఏరి పక్కన పెట్టాలని నాకు ముందే తోచలేదు, ఆ తప్పు ల్యాబ్ మీద వేయలేను.

ఆ తలుపుల బొగ్గు మూడు బస్తాలు షెడ్డులో పడి ఉంది. మా గల్లీ చివర ఇస్త్రీ బండాయన రోజూ అడుగుతున్నాడు. ఇవ్వలేదు.