అమింజికరైలో వంజరం

మా మ్యాపులో వంజరం చేప దొరికే మొట్టమొదటి చోటు చెన్నై అమింజికరైలో పడింది. అంటే ఒడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు ఊళ్లోకి, పూనమల్లి హైరోడ్డు దగ్గర. స్క్రీన్ చూసి నలుగురం పడీపడీ నవ్వాం. చేపల హార్బర్ ఉన్న కాశిమేడులో బోటు నడిపే సరంగు బాబాయికి ఆ బొమ్మ ఫోన్లో పంపిస్తే, "ఏటి తల్లీ, ఇంత సదువూ సదివి సంద్రాన్ని ఊర్లోకి తెచ్చీసినావేటి?" అన్నాడు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ పని శనివారాలది. జువాలజీ చెప్పి రిటైరైన ఒక మేడం, ఇద్దరు డిగ్రీ పిల్లలు, నేను. చెన్నై నుంచి పులికాట్ దాకా ఏ చేప ఎక్కడ దొరుకుతుంది, తాబేళ్లు ఎక్కడ గుడ్లు పెడతాయి, నీళ్లు సముద్రంలో కలిసే ఏ మొగ ఎప్పుడు పూడుతుంది, అన్నీ ఒక డిజిటల్ అట్లాసులో పెట్టి ఎవరైనా వాడుకునేలా చెయ్యాలని మేడం కోరిక. మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉచితం, మూడు నెలల్లో అయిపోతుందనుకున్నాను. అప్పటికి నాకు తెలిసిన సముద్రమల్లా మెరీనాలో మిరపకాయ బజ్జీ తింటూ చూసిందే.

బాబాయ్ మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి మేనమామ. శ్రీకాకుళం నుంచి వచ్చి చెన్నై బోట్ల మీద పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో ఈయనొకడు. ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద డీజిల్ మరకలు, రబ్బరు బ్యాండు, లోపల పేజీకి ఇరవై వరసల చొప్పున అంకెలు. 13 07 500, 80 22 500, చివర 'బా' అని రాసి పక్కన ఇంకో అంకె. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం, చుక్కలు లేవు, గీతలు లేవు. 'బా' అంటే బారలు, నీటి లోతు. బారకి ఆరడుగులు. తమిళం వాళ్లు దాన్నే పాగం అంటారు.

మా పిల్లలు ఆ అంకెల్ని 13.07500, 80.22500 అని ఎక్సెల్లో కొట్టేశారు. తప్పు వాళ్లది కాదు, అలా కొట్టమన్నది నేనే. బోట్లలో జీపీఎస్ చూపించేది డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు. 7.5 నిమిషాలంటే 60తో భాగించాలి, అప్పుడది 13.125 డిగ్రీలు. 22.5 నిమిషాలంటే 80.375. అసలు చోటు కాశిమేడు నుంచి ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు సముద్రంలో ఉంది. మేం దాన్ని పదిహేడు కిలోమీటర్లు లాక్కొచ్చి అమింజికరైలో పడేశాం.

ఒక ఫార్ములా రాస్తే సరిపోయేదే. కానీ అదే కాలమ్‌లో కుర్రాళ్లు ఫోన్ నుంచి పంపిన చోట్లు కూడా ఉన్నాయి. ఫోన్ మామూలుగా ఇచ్చేది నేరుగా దశాంశ డిగ్రీలు. ఏ వరస ఎక్కణ్నుంచి వచ్చిందో మేం రాసుకోలేదు. చుక్క తర్వాత రెండంకెలు 60 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అవి నిమిషాలు కాలేవు, అది ఫోన్‌దే. తక్కువైతే ఏదైనా కావచ్చు. దాంతో నేల మీద పడ్డవన్నీ ఏరి సరిచేశాం. సముద్రంలో ఉన్నవి బాగానే ఉన్నాయనుకున్నాం.

ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి చెయ్యలేదు నేను.

ప్రింటు తీసి బాబాయికి చూపించడానికి వెళ్లాను. హార్బర్లో మంచు పెట్టెలు దించుతున్నారు, ఆ నీళ్లన్నీ నా చెప్పుల్లోకి. ఆయన మ్యాపుని బోటు అంచు మీద పరిచి, కళ్లజోడు పైకి తోసుకుని, ఒడ్డుకు దగ్గరున్న ఒక చుక్క మీద వేలు పెట్టాడు. "ఇక్కడినుంచి కాశిమేడు లైటు ఎదురుగా కనిపిత్తాది. ఇక్కడ అన్ని బారల నీరు ఎక్కడిది?" నోట్‌బుక్ తీశాం. 80 35 000. మేం పెట్టింది 80.35, ఉండాల్సింది 80.583. ఇరవై అయిదు కిలోమీటర్ల తేడా. రెండూ నీళ్లలోనే పడ్డాయి కాబట్టి మా కంటికి ఆనలేదు. పట్టిచ్చింది ఆయన రాసుకున్న లోతు.

అప్పటినుంచి ఆ బారల కాలమే మాకు తనిఖీ. జెబ్కో అని ప్రపంచ సముద్రాల లోతులన్నీ ఉచితంగా దొరికే గ్రిడ్ ఉంది, ఒక్కో గడి సుమారు 450 మీటర్లు. ప్రతి చోటులో బాబాయ్ చెప్పిన లోతుని మీటర్లలోకి మార్చి దాంతో పోల్చాం. బాగా తేడా వచ్చిన వరసలకి పసుపు రంగు వేశాం. ఒడ్డు దగ్గర ఆ గ్రిడ్‌ని నమ్మడానికి లేదు, అక్కడ బాబాయ్ మాటే ఖాయం.

చేపల పేర్ల దగ్గర ఇంకో గోల. మా జాబితాలో పండుగప్ప ఒక జాతి, కొడువా ఇంకో జాతి. చందువా ఒకటి, వవ్వాల్ ఒకటి. తెలుగోళ్లు చెప్పింది ఒకచోట, తమిళులు చెప్పింది ఒకచోట, అట్లాసులో మాత్రం జీవవైవిధ్యం రెట్టింపు! మేడం కూర్చుని శాస్త్రీయ నామాలకి అన్నిటినీ ముడివేసింది. అప్పుడు తెలిసింది, మన కానాగంత శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త అని. ప్యాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వివరాలు 1803లో అచ్చయ్యాయి. అక్కడివాళ్లు చెప్పిన పేర్లు విన్నవి విన్నట్టు రాసుకున్నాడాయన, కనగుర్త అలా వచ్చిందే. ఈ సంగతి చెప్తే బాబాయ్ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "కానాగంతని కానాగంత అనక ఇంకేటంతారు?"

అసలు పేచీ పంచుకోవడం దగ్గర వచ్చింది. అట్లాసు అందరికీ తెరిచి ఉండాలని మేడం. "నా సోట్లు అందరికీ సూపిత్తే నాకేటి మిగుల్తాది?" అని బాబాయ్. నేను బాబాయ్ వైపు. ఇరవై ఏళ్లు వలలు చింపుకుని రాసుకున్న అంకెలు అవి. హైదరాబాద్ ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ వాళ్లు నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ చూసి చేపలుండే వీలున్న ప్రాంతాల్ని దిక్కు, దూరం, లోతుతో సహా అందరికీ చెప్తారు కదా అని మేడం వాదించింది. బాబాయ్ వాటిని చూస్తాడు, కాదనడు. "శాటిలైటుకి పైన నీరు తెలుత్తాది. అడుగున రాయి తెలుత్తాదేటి?"

అయితే ఆయనే ఒక దారి చూపించాడు. నోట్‌బుక్‌లో కొన్ని వరసలకి ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి ఉంది. అవి వల చిక్కే చోట్లు. రాళ్లు, మునిగిపోయిన బోట్లు. వల ఒకసారి పట్టుకుంటే ఇక అంతే. "ఇవి అందరికీ ఇచ్చీ. ఎవుడి వలైనా వలే కదా." వాటిని ఉన్నదున్నట్టు పెట్టాం. చేపల చోట్లు మాత్రం చుక్కలుగా కాదు, నిలువూ అడ్డమూ అయిదేసి నిమిషాల గళ్లుగా పెట్టాం, అంటే ఒక్కో పక్క సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఆ గడిలో ఎక్కడో వంజరం ఉంది, అంతవరకే. అసలు అంకెలు ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి, అది నెట్‌కి తగలదు. మేడం రెండు శనివారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

తీరరేఖ సంగతి క్లుప్తంగా చెప్తాను. హార్బర్ గోడలు కట్టాక దక్షిణాన మెరీనాలో ఇసుక మేట వేసింది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోయింది. పాత మ్యాపులో ఇళ్లున్న చోట ఇప్పుడు నీళ్లుంటాయి. అందుకని ప్రతి లేయర్‌కీ ఏ సంవత్సరందో, ఎక్కణ్నుంచి తెచ్చామో తప్పనిసరిగా రాస్తున్నాం. ఆ పని మొదటిరోజే చేసుంటే అమింజికరైకి వెళ్లేవాళ్లమే కాదు.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా. బాబాయ్ ఊరికి బయల్దేరే ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, పసుపు వరసలు ఒక్కొక్కటే చదివించుకున్నాడు. పదకొండయ్యేసరికి పంతొమ్మిది తేలాయి. మూడు మిగిలాయి. "ఈ మూడూ నాకూ గురుతు రావట్లేదు తల్లీ. బోటు మీద ఉంతేగానీ సెప్పలేను" అని నోట్‌బుక్‌కి రబ్బరు బ్యాండు వేసుకున్నాడు.

ఆ మూడు వరసలు ఇంకా పసుపు రంగులోనే ఉన్నాయి. నిషేధం అయ్యాక మొదటి వేటకి వెళ్లినప్పుడు లోతు చూసి ఫోన్ చేస్తానన్నాడు.