మాహూరు మూడు గుట్టలు, ఎవరి నడక వారిది

మా కిన్వట్ దిక్కు తెలుగు ఇండ్లలో ఎల్లమ్మ అన్నా, మాహూరు రేణుకమ్మ అన్నా ఒక్కటే. మాహూరు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాకు ఉత్తరపు కొసన ఉంటుంది. పైన్‌గంగ దాటితే యవత్మాళ్ జిల్లా. తుల్జాపూర్, కొల్హాపూర్, మాహూరు, సగం పీఠంగా వణి కలిపి అమ్మవారి మూడున్నర శక్తిపీఠాలు అంటారు మరాఠీవాళ్లు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లకు ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ లైనులోని కిన్వట్ స్టేషనే దగ్గర. అక్కడి నుంచి ఎస్టీ (మహారాష్ట్ర ప్రభుత్వ) బస్సులో యాభై కిలోమీటర్లు, ఎక్కువ భాగం టేకు అడవి.

యాత్ర ఒక్కరోజుదే, మూడు గుట్టలది: రేణుకమ్మ, దత్తాత్రేయుడు, అనసూయ. జీపులో వెళ్లినా చివర మెట్లు ఎక్కక తప్పదు. నడుస్తామని మొక్కుకున్నవాళ్లు చాలామంది మూడో గుట్టకు రాకుండానే ఆగిపోతారు. కారణం వయసు అనుకుంటారు గానీ, మేం చూసినంతలో పక్కవాడి అడుగుతో అడుగు కలపబోవడమే కారణం.

అందుకే తయారీ ఇంటి మెట్ల మీదే మొదలవుతుంది. రేణుకమ్మ గుడికి రెండువందలకు పైగా మెట్లు. ఇంట్లో ఇరవై మెట్లుంటే పదిసార్లు ఎక్కి దిగితే ఒక గుడి ఎక్కినట్టు. నెల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు చాలు. మొదటి వారం మూడుసార్లు, తరువాతి వారం ఐదు, ఆపైన ఏడు, చివరి వారం పది. క్యాలెండర్ మీద రాసుకోవలసింది ఒక్క అంకె: ఎన్నో మెట్టు దగ్గర ఊపిరి కోసం ఆగవలసి వచ్చిందో. పోయిన సోమవారం అరవై, ఈ సోమవారం తొంభై అయితే అదే లెక్క. మరిది ఒక్క ఊపిరిలో ఎక్కేస్తాడన్నది ఆ కాగితం మీదికి రావద్దు. వచ్చిందంటే మరుసటి రోజు రెండింతలు ఎక్కబోతారు, మోకాలు పట్టేస్తుంది, పది రోజులు పోతాయి.

ఇంతకూ ఈ గుట్ట కథే వెనక్కి తిరగకుండా ముందుకే చూడటం గురించి. జమదగ్ని చనిపోయాక పరశురాముడు కావడిలో ఒకవైపు తండ్రి దేహాన్ని, మరోవైపు తల్లి రేణుకను మోసుకుంటూ, నాగలి తగలని నేల కోసం తిరిగి ఇక్కడికి వచ్చాడట. దత్తాత్రేయుడు దగ్గరుండి కర్మ చేయించాడు. తల్లి కూడా ఆ చితిలోనే కలిసిపోయాక కొడుకు ఏడుస్తుంటే, ఆమె భూమిలోంచి పైకి వస్తుందని, అప్పటిదాకా వెనక్కి చూడవద్దని ఆకాశవాణి పలికింది. కొడుకు ఆగలేక చూశాడు. అప్పటికి ముఖం ఒక్కటే పైకి వచ్చింది. అందుకే గర్భగుడిలో సిందూరం పూసిన పెద్ద ముఖమే ఉంటుంది, ఒళ్లు ఉండదు. ఆ ముఖం ముందు నిలబడితే, నడిచేటప్పుడు పక్కకూ వెనక్కూ తిరిగిన తల దానంతట అదే ముందుకు వస్తుంది.

పొద్దెక్కకముందే ఎక్కాలి. భక్తులు ‘ఉదో ఉదో’ అని కేక వేస్తారు కదా, వేగానికి అదే కొలత. ఆ కేక నిండు గొంతుతో వేయగలిగితే నడక సరిగ్గా ఉన్నట్టు, సగంలో తెగితే ఎక్కువైనట్టు. నలభై మెట్లకొకసారి నిలబడే అర నిమిషం ఆగండి, కూర్చోకండి. కూర్చుంటే తొడలు బిగుసుకుని లేచేటప్పుడు కష్టం. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ వచ్చే మొక్కు ఒకటుంది. అలా మొక్కుకున్నామెకు గంటన్నర పడుతుంది, మీకు ఇరవై నిమిషాలు. ఇద్దరూ చేసే పని వేరు, పోటీయే లేదు. వెంట వచ్చే కోడలు అనవలసిన మాట ఒక్కటే: “అత్తమ్మా, మీరు నడవండి, నేను మీ వెనకే ఉంట.” ముందుకెళ్లి పైనుంచి రమ్మని పిలిస్తే అత్తమ్మ తొందరపడుతుంది.

అమ్మవారికి తాంబూలం పెడతారు, దంచిన తాంబూలం. దుకాణాల్లో తమలపాకు, వక్క, కాచు, సున్నం, సోంపు, లవంగం, ఏలకులు చిన్న రోట్లో వేసి దంచుతుంటే టకటకమని మెట్ల దాకా వినిపిస్తుంది. పళ్లు లేని ముసలమ్మ నోట్లో కూడా కరిగేంత మెత్తగా అవుతుంది. పొడి పొడిగా ఉంటే తొందరలో దంచారన్నట్టు, ఇంకాసేపు దంచమని అడగండి, ఏమీ అనుకోరు.

తరువాత మాతృతీర్థం, భక్తులు స్నానం చేసే కోనేరు. చాలామంది పాదాలు పాడయ్యేది ఇక్కడే. స్నానం చేసి తడి కాళ్ల మీదే మేజోళ్లు వేసుకుంటారు. తడిసిన చర్మం మెత్తబడి, రాపిడికి మడమ దగ్గర బొబ్బ లేస్తుంది. వేళ్ల సందులు కూడా ఆరేదాకా తుడిచి పొడి మేజోళ్లు మార్చుకోవాలి. మంట మొదలవగానే ఆగి గుడ్డ పట్టీ అంటించండి, బొబ్బ లేచాక అంటిస్తే ఊడిపోతుంది. వట్టి కాళ్లతో నడిచే మొక్కున్నవాళ్లు ఎండ ముదరకముందే రాతి దారి దాటాలి.

దత్తశిఖరం రెండోది. దత్తుడు కాశీలో స్నానం, కొల్హాపూర్‌లో భిక్ష, మాహూరులో నిద్ర అంటారు. అందుకే మధ్యాహ్నం అక్కడ చెట్టు నీడలో ఒక గంట నడుం వాల్చడం మాకు ఆనవాయితీ. మార్గశిర పౌర్ణమి దత్తజయంతికి మాత్రం చోటు దొరకదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఆకలి కోసం అటుకులు, బెల్లం. చెమట ఎక్కువ పోతే వట్టి నీళ్లు తాగుతూనే ఉన్నా తల తిరుగుతుంది, ఉప్పు కూడా పోతుంది గనుక. లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. సంచీలో ప్లాస్టిక్ కవర్ల చప్పుడు రానివ్వకండి, కొండముచ్చులు వస్తాయి.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. ఒంటి బరువును ఆపుతూ తొడ కండరాలు సాగుతాయి. ఆ నొప్పి ఆరోజు తెలియదు, రెండో రోజు పట్టుకుంటుంది. మోకాలు కొంచెం వంచి, పాదం అడ్డంగా పెట్టి, చిన్న అడుగులతో దిగాలి. పరుగున దిగే పిల్లలను చూసి కాళ్లు సాగదీస్తే అనసూయ గుట్ట ఆరోజుకు కానట్టే. రెండు గుట్టలతో ఆగినవారికి మూడోది వచ్చే ఏడు ఉంటుంది. ఎక్కడ ఆగారో క్యాలెండర్ మీద రాసుకోండి.

కింద బస్టాండులో ఆగిపోయినవారికీ, ఇంటి దగ్గర ఉన్నవారికీ తాంబూలం తీసుకుపోతాం. మరునాటికి నల్లబడి ఎండిపోతుంది. తడి గుడ్డలో చుట్టి, ఆ రాత్రికే కిన్వట్ చేరి గోరంత గోరంత పంచేస్తాం.